‘దాసి’ని చూడాలంటే

మా అత్తిలి వైపు కథంటే వినడమే. సుబ్బారాయుడి షష్ఠికి తెల్లవార్లూ నాటకాలు చూసి, పద్యం రక్తి కడితే వన్స్‌మోర్ కొట్టిన నేల ఇది. సినిమాకి వెళ్లొచ్చినవాడు కూడా ముందు డైలాగులే అప్పజెబుతాడు. అలా అలవాటుపడ్డ చెవులతో బి. నర్సింగరావు సినిమా ‘దాసి’ ముందు కూర్చుంటే కాసేపటికే విసుగొస్తుంది. ‘ఇంకా కథ మొదలవలేదేంటండీ’ అని పక్కవాళ్లని అడగబుద్ధేస్తుంది.

కథ అప్పటికే నడుస్తూ ఉంటుంది. 1988 నాటి ఈ సినిమాలోని కాలం 1920లు, చోటు నిజాం తెలంగాణలో ఒక దొరగారి గడీ, అంటే కోటలాంటి ఇల్లు. కమలాక్షి అక్కడ దాసి. ఇంటి చాకిరీ చేస్తుంది, దొర పిలిస్తే వెళ్తుంది, అతిథుల దగ్గరికి పంపినా వెళ్తుంది. దొర వల్ల కడుపొస్తే దాన్ని నిలుపుకునే హక్కు కూడా ఆమెకు లేదు. చెప్పాలంటే రెండు నిమిషాల కథ. నర్సింగరావు దానికి గంటన్నర పైగా తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో తెలిస్తే ఈ తరహా సినిమా గుట్టు దొరికినట్టే.

గడీలో నోరెత్తే అధికారం దొరది. కమలాక్షికి పెద్ద డైలాగు ఒకటి రాసిపెడితే మన మనసు తేలికపడేది, ఆమె బతుకు మాత్రం అబద్ధమయ్యేది. అందుకే దర్శకుడు ఆమెకు మాటలు తగ్గించి, ఆమె గడిపే సమయాన్ని మన ముందు పెట్టారు. చాకిరీని టకటకా కత్తిరించి చూపిస్తే ‘పని చేసింది’ అన్న సమాచారం అందుతుంది, అంతే. తెగకుండా చూపిస్తే ఆ పని ఎంతకీ తెమలదని మన ఒంటికి తెలుస్తుంది.

కదలని షాటుని చూడటంలో ఒక వరస ఉంది. ముందు మనిషెవరో చూస్తాం. ఏం చేస్తోందో చూస్తాం. అక్కడితో అయిపోయిందనుకుంటాం, కానీ షాటు మారదు. ఇక కన్ను తనంతట తానే పక్కలకి పోతుంది: గుమ్మం మందం, గోడ రంగు, చీర ముడతలు, వెలుగు ఎక్కడ ఆగి చీకటి ఎక్కడ మొదలైందో. కమలాక్షిగా నటించిన అర్చన ముఖం కన్నా ముందు ఆమె చేతుల్ని గమనించండి, మెడ వంపుని గమనించండి. పైవాళ్ల ఎదుట నిలబడ్డప్పుడు ఆ ఒళ్లు ఎంత చోటులోకి ముడుచుకుంటుందో చూస్తే సంభాషణ అక్కర్లేదు.

ఇంత చూడటానికి తెరమీద సరుకుండాలి కదా. నర్సింగరావు స్వయంగా చిత్రకారుడు. కళా దర్శకత్వం చేసిన తోట వైకుంఠం తెలంగాణ పల్లె ఆడవాళ్ల బొమ్మలతో పేరుపడ్డ చిత్రకారుడు. దుస్తులు సుదర్శన్‌వి, కెమెరా ఎ.కె. బిర్‌ది. ఉత్తమ తెలుగు చిత్రంగా ‘దాసి’కి జాతీయ అవార్డు వచ్చిన ఆ ఏడు ఈ ముగ్గురికీ, నటిగా అర్చనకూ కూడా జాతీయ అవార్డులు వచ్చాయి. కన్ను చేసే పనికే ఇన్ని బహుమతులు రావడం నాకు ఎప్పటికీ గర్వమే.

మాటల్లేకపోవడం వేరు, నెమ్మది వేరు. అంతకు ముందు ఏడాదే సింగీతం ‘పుష్పక విమానం’ తీశారు. అందులో సంభాషణే లేదు, అయినా జనం హాయిగా చూశారు. క్షణక్షణానికి ఏదో ఒకటి జరుగుతూ, తర్వాతేమిటన్న ఆసక్తి మనల్ని లాక్కుపోతుంది. ‘దాసి’ ఆ సాయం చేయదు. మా నరసాపురంలో పుట్టిన బాపు గారిదీ బొమ్మల సినిమానే. ‘ముత్యాల ముగ్గు’ ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకు జాతీయ అవార్డు వచ్చింది. కానీ ఆ బొమ్మ పక్కన రచయిత ముళ్లపూడి మాట ఎప్పుడూ తోడుండేది. జపాన్ దర్శకుడు ఓజు అయితే, మనుషులు వెళ్లిపోయాక ఖాళీ గదినీ చూపిస్తాడు. అక్కడ తోడు ఎవరూ ఉండరు.

నెమ్మదిగా ఉన్నదల్లా గొప్పదని నేననను. షాటుని సగానికి కోసినా ఏమీ తగ్గకపోతే అది ఉత్త సాగదీత. అలాంటి సినిమాలు చాలానే ఉన్నాయి, వాటికి దండం పెట్టి లేచి రావచ్చు.

ఓపిక మనకు లేదనడం మాత్రం ఒప్పుకోను. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి వెళ్లినవాళ్లు గొంతు తగ్గించి, అవి రెక్క విప్పేదాకా కళ్లప్పగించి కూర్చుంటారు. ‘దాసి’కి కావలసింది ఆ చూపే. రాత్రిపూట దీపాలార్పి, ఫోను పక్క గదిలో పెట్టి, ఒక్క బిగిన చూడండి. మధ్యలో ఆపితే పోగైన బరువంతా జారిపోతుంది.

వీలైతే ఆ వారంలోనే ‘ఒక ఊరి కథ’ కూడా చూడండి. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన సినిమా. అందులో తండ్రీకొడుకులు ఎవరి కిందా పని చేయం పొమ్మంటారు. కమలాక్షికి క్షణం తీరిక లేదు, వీళ్లకు రోజంతా తీరికే. అయినా ఆకలి తీరదు, ఇంటికొచ్చిన కోడలు పురిటి నొప్పులతో చచ్చిపోతుంది. ఆ పిల్లను కూడా, ‘దాసి’ చూసొచ్చిన కళ్లతోనే చూడండి.