ఉరి కోసం ఎదురుచూసిన రచయిత

"ఈ మనిషిని మన గుమ్మం ఎక్కనివ్వను" అంది మా ఆవిడ, 'కపోటీ' సినిమా మొదలైన పది నిమిషాలకే. 2005లో వచ్చిన ఈ ఇంగ్లీషు చిత్రం అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీ గురించి. పీలగొంతు, నలుగురిలో తన మాటే చెల్లాలన్న తాపత్రయం! చిన్ననాటి స్నేహితురాలు హార్పర్ లీ నవల సినిమాగా విడుదలైన రోజున కూడా ఈయనకి తన ఏడుపే.

1959లో కాన్సాస్ రాష్ట్రంలోని హోల్కంబ్‌లో ఒక రైతు కుటుంబంలో నలుగురు హత్యకు గురయ్యారు. ఆ సంగతి రాయడానికి వెళ్లిన కపోటీ, హంతకుల్లో ఒకడైన పెర్రీ స్మిత్‌తో స్నేహం కలిపాడు. మొదట లాయర్ని కూడా చూసిపెట్టాడు. తీరా పుస్తకం చివరికొచ్చేసరికి అప్పీళ్లు తెగవు, ఉరి పడదు. ఉరి పడితేగాని పుస్తకం పూర్తికాదు!

దర్శకుడు బెన్నెట్ మిల్లర్ అతన్ని క్షమించమని మనల్ని ఎక్కడా బతిమాలడు. ఆ పాత్రకి 2006లో ఆస్కార్ అందుకున్న ఫిలిప్ సీమూర్ హాఫ్‌మన్ కూడా జాలి కోసం నటించలేదు. అదే ఈ సినిమా బలం.

ఉరి మళ్లీ వాయిదా పడినప్పుడు, "ఇంకా ఎంతసేపు?" అని గడియారం చూసుకున్నాను. మరుక్షణం సిగ్గేసింది. ఆయన ఏళ్ల తరబడి కోరుకున్నదే నేను రెండు గంటల్లో కోరుకున్నాను!

1965లో ఇద్దర్నీ ఉరి తీశారు. 1966లో 'ఇన్ కోల్డ్ బ్లడ్' పుస్తకంగా వచ్చింది, బోలెడు పేరొచ్చింది. 1984లో పోయేదాకా కపోటీ మరో నవల పూర్తిచెయ్యలేదు.

మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వనన్న మనిషి పుస్తకం మా బీరువా ఎక్కి ఎన్నేళ్లో అయింది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.