పాయింటు రేటు

మేడ మీద కొత్తగా వేసిన రెండు గదులకి వైరింగ్ చేయించాలని ఈ వారం మా ఊరి కాంట్రాక్టర్లని కదిపాను. అడిగిన ప్రతివాడూ జేబులోంచి అదే పసుపుపచ్చ కాగితం తీశాడు. పైన ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘం పేరు, అధ్యక్ష కార్యదర్శుల ఫొటోలు. కింద పట్టిక: లైటు పాయింటుకి ఇంత, ఫ్యాను పాయింటుకి ఇంత, పవర్ ప్లగ్గుకి ఇంత, డీబీ బిగించడానికి ఇంత. "కాస్త చూసి చెప్పవయ్యా" అంటే, "ఆయ్, చూడ్డానికేం లేదండి, అందరిదీ ఒకటే రేటండి" అని నవ్వాడొకాయన.

సంఘాలంటే నాకున్న ఒళ్ళుమంట ఈ శీర్షిక చదివేవాళ్ళకి కొత్తేమీ కాదు. ఆటోస్టాండు మీదా, షామియానాల వాళ్ళ మీదా రాసినప్పుడు వచ్చిన తిట్ల ఉత్తరాలు ఇంకా సొరుగులో ఉన్నాయి. ఈసారి చట్టం కూడా నా పక్కనే ఉంది. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్ళు కూడబలుక్కుని ధర కట్టడం, అది సంఘం పేరుతో చేసినా సరే, 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కింద తప్పు. 2012లో సిమెంటు కంపెనీల మీదా, వాటి సంఘం మీదా కాంపిటీషన్ కమిషన్ వేసిన జరిమానా ఆరు వేల కోట్లు దాటింది. తర్వాత అది అప్పీళ్ళకెక్కిందనుకోండి. సిమెంటుకి వర్తించింది స్విచ్‌బోర్డుకి వర్తించదా? ఈ వారం కాలమంతా దీనికే అనుకుని కలం తీశాను.

ఈలోగా సంఘంలో లేని కుర్రాడొకడు వచ్చి, పట్టికలో రేటుకి మూడోవంతు తగ్గించి చెప్పాడు. పోటీ అంటే ఇదీ అనిపించింది. అలవాటు కొద్దీ, ఎర్తు తీగ ఏ సైజుది వేస్తావని అడిగాను. (మూడో పిన్ను గొడవ మళ్ళీ మొదలెట్టాడు అనుకునేవాళ్ళు పేజీ తిప్పెయ్యొచ్చు.) "ప్రతి బోర్డుకీ ఎందుకండి? ఎర్తు లేకపోయినా లైటు వెలుగుద్దండి" అన్నాడు.

అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. ఫేజూ న్యూట్రలూ ఉంటే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్జు చల్లబడుతుంది. లోపల ఎక్కడో ఇన్సులేషన్ చెడి ఫేజు ఫ్రిజ్జు రేకుకి తగిలిన రోజున గానీ ఆకుపచ్చ ఎర్తు తీగకి పని పడదు. అందాకా అది ఉన్న ఇల్లూ లేని ఇల్లూ ఒకేలా ఉంటాయి.

మా మేనమామ వైరింగ్ చేసే కాలంలో ఈ బాధ ఇంత లేదు. అప్పుడు తీగ గోడ మీదే ఉండేది. నూలుకి నీలిమందు పూసి, ఈ చివర ఆయన, ఆ చివర నేను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే సున్నపు గోడ మీద తిన్నగా గీత పడేది. ఆ గీత వెంబడి టేకు బద్దలు, బద్దల మీద వరసగా క్లిప్పులు, వాటిలో పక్కపక్కనే తీగలు. మూల తిరిగే చోట ఆయనకి పూట పట్టేది. చెక్క బ్లాకు మీద నల్లటి గుండ్రటి స్విచ్చి, వీధి గుమ్మం పక్కన పింగాణీ ఫ్యూజు. ఇంటి యజమానులు పడక్కుర్చీలో వాలి, పని సాగినంతసేపూ పైకి చూస్తూనే ఉండేవారు. మా తాతయ్యకి కరెంటు గురించి ఇసుమంతైనా తెలీదు. అయినా "ఒరే అబ్బాయ్, దూలం పక్కన క్లిప్పు వంకర పోయిందిరా" అనేవాడు. మామయ్య గొణుక్కుంటూ నిచ్చెనెక్కి, దాన్ని ఊడదీసి మళ్ళీ కొట్టేవాడు. క్లిప్పు వంకర పోతే కరెంటుకి వచ్చే నష్టమేమీ లేదు. కానీ క్లిప్పు తిన్నగా కొట్టిన మనిషి లోపల జాయింటు కూడా శుభ్రంగా చుట్టి ఉంటాడని తాతయ్య లెక్క. ఆ లెక్క చాలాసార్లు సరిపోయేది కూడా.

ఎర్తు గొయ్యి సంగతీ అంతే. నూతి పక్కన తడి నేల చూసి మనిషి లోతు దాటా తవ్వి, జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేస్తుంటే వీధి పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. ఎండాకాలం పైపు మీది గరాటులో బిందెడు నీళ్ళు పొయ్యమని అమ్మమ్మ నన్ను పురమాయించేది. ఎందుకు పొయ్యాలో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ గొయ్యిలో ఏం వేశారో మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు. ఊళ్ళో ఎవరి పని మంచిదో, ఎవరిది కాదో అరుగుల మీద కూర్చున్నవాళ్ళే తేల్చేవారు. మామయ్యకి సంఘం అవసరం ఎప్పుడూ పడలేదు.

తర్వాత తీగ గోడలోకి వెళ్ళిపోయింది. స్లాబు పోసేనాడే పైపులు పడిపోతాయి, గోడల్లో వేసిన పైపుల మీద ప్లాస్టరింగ్ వచ్చేస్తుంది. పవర్ ప్లగ్గుకి నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ లాగారో, ఒకటిన్నరతో సరిపెట్టారో పైకి తెలిసే దారి లేదు. మనకి మిగిలింది స్విచ్చి ప్లేటు రంగు ఎంచుకోవడం. సరుకు కళ్ళబడే చోట పోటీ ధర తగ్గిస్తుంది. కళ్ళబడని చోట తీగని సన్నబరుస్తుంది.

దీనికి చట్టం లేక కాదు. బల్బులూ ఫ్యూజులూ మార్చుకోవడం లాంటివి తప్ప, ఇంట్లో వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేపట్టాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చెయ్యి పెట్టాలి అని 1956 నాటి విద్యుత్ నియమాల్లో 45వది చెప్పింది. 2010లోనూ 2023లోనూ వచ్చిన నిబంధనలు కూడా ఆ దారే పట్టాయి. కనెక్షన్ ఇచ్చేముందు మెగ్గరు అనే మీటరుతో 500 వోల్టులు నిమిషంసేపు పెట్టి చూస్తే ఇన్సులేషన్ కనీసం ఒక మెగాఓమ్ చూపించాలి. కాగితం మీద అన్నీ చూపిస్తాయి. మెగ్గరు గుమ్మం తొక్కని ఇళ్ళకి కూడా టెస్టు రిపోర్టులో మెగాఓములు పుష్కలంగా పడతాయి. సంతకం అద్దెకి దొరుకుతుందన్నది రహస్యమేమీ కాదు.

ఇన్‌స్పెక్టరు ప్రతి ఇంటికీ రాలేడు. పైపులోంచి వచ్చిన తీగ కొస చూసి ఏం మోసం జరిగిందో చెప్పగలిగినవాడు మరో కాంట్రాక్టరే. వాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టేది సంఘం. 1901లో, నయాగరా కరెంటుతో ధగధగలాడుతున్న పాన్ అమెరికన్ ఎగ్జిబిషన్ రోజుల్లో, బఫెలో నగరంలో అమెరికా కాంట్రాక్టర్లు కలిసి జాతీయ సంఘం పెట్టుకున్నారు. దాని పేరు నెకా. బ్రిటన్‌లో వాళ్ళ సంఘమూ అదే ఏడు పుట్టింది. పని నీటుగా, పనివాడితనంతో ఉండాలని అమెరికా వైరింగ్ కోడ్ ఒక్క ముక్కలో తేల్చేస్తే, పనివాడితనమంటే ఏమిటో విడమర్చి నెకా ఒక ప్రమాణమే అచ్చువేసింది. దాని నంబరు ఒకటి. అందులో ఉన్నది పని సంగతి, ధరల పట్టిక కాదు.

ఈ మాటే అందామని మా ఊరి సంఘం ఆఫీసు మెట్లెక్కాను. కార్యదర్శి నెమ్మదస్తుడు. "రేటు కట్టకపోతే మావాళ్ళలో మావాళ్ళే తగ్గించుకుంటూ పోతారండి. ఆఖరికి కోసేది తీగనేనండి" అన్నాడు. అయితే ఆ తీగే రాయండి అన్నాను: ఏ పాయింటుకి ఏ సైజు, ఎర్తు ఎక్కడి నుంచి ఎక్కడికి, కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మెగ్గరు రీడింగు. "రాయొచ్చండి. కానీ ఇంటాయన చూసేది కుడిచేతి వైపు గడి ఒక్కటే కదండి" అన్నాడు. నేనూ ముందు చూసింది ఆ గడినే. సభ్యుల సంతకాలు అద్దెకి తిరుగుతున్నాయి కదా, ఎవరినైనా సంఘంలోంచి తీసేశారా అని అడిగాను. టీ చెప్పాడు.

టీ తాగి వచ్చేశాను. చట్టం ప్రకారం ఆ కుడిచేతి గడి ఇవాళ్టికీ తప్పే, దాన్ని వెనకేసుకురాను. పని మాత్రం సంఘంలో మనిషికే ఒప్పజెప్పాను. తీగల సైజులు, ఎర్తు, ఆర్‌సీసీబీ, నా ఎదురుగా మెగ్గరు పెట్టడం అన్నీ ఆ పసుపు కాగితం వెనక నా చేత్తో రాసి ఆయన సంతకం తీసుకున్నాను. రేటు దగ్గర బేరం ఆడలేదు.