చైత్ర వేటలో కుర్రాడి చోటు

చైత్రం వచ్చిందంటే సాలూరు, పాచిపెంట కొండల్లో గిరిజనుల ఇటుకల పండుగ. విత్తనాలకు పూజ, రాత్రిళ్లు థింసా, దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్లను డబ్బులడిగే సందడి ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు వీటన్నిటికన్నా ముఖ్యం వేట. మగవాళ్లంతా అడవికి పోయేవారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించేవారు. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరులోనూ ఈ చైత్ర వేట ముచ్చట ఉంది.

కుర్రాడు మొదటిసారి పెద్దల వెంట నడిచేది అప్పుడే. ఉండేలుతో ఎంత చేయి తిరిగినవాడైనా, వాడి చోటు జంతువును తోలే గుంపులోనే. వేటలోని అసలు చదువు ఆ గుంపులోనే ఉందని నా నమ్మకం.

విల్లు పట్టినవాళ్లు పైన కనుమ దగ్గర, గాలి తమ మీదుగా జంతువు వైపు పోని చోటు చూసుకుని కూర్చునేవారు. గుప్పెడు సన్నమట్టి జారవిడిస్తే గాలి వాటం తెలిసిపోతుంది. తోలేవాళ్లు గెడ్డ (వాగు) వైపు నుంచి డప్పులతో, కేకలతో పైకి కదిలేవారు. వరస తెగకూడదు. ఒక్కడు వెనకబడితే ఆ సందులోంచే కొండగొర్రె జారిపోతుంది. ఊరందరి కూర తన అడుగు మీద ఆధారపడి ఉందని పిల్లాడికి తెలిసేది అక్కడే.

అంతకుముందు, తెల్లారకముందే, ఇప్పచెట్టు కింద ఇంకో పాఠం జరిగేది. చైత్రంలో ఇప్పపూలు రాత్రంతా రాలతాయి. వాటికోసం దుప్పి, కణుజు, కొండగొర్రె వస్తాయి. "అడుగు కాదురా గుంటడా, దాని అంచు సూడు" అనేవాడు పెద్దాయన. గిట్ట అంచు పదునుగా నిలిచి ఉంటే ఇప్పుడే పోయింది. అంచు విరిగి మట్టి లోపలికి రాలినా, అడుగు మీద ఎండాకు పడి ఉన్నా పాతది. పెంటికలు తడిగా మెరుస్తుంటే దగ్గర్లోనే ఉంది. కొరికిన చిగురు కొస నుంచి ఇంకా రసం ఊరుతుంటే మరీ దగ్గర.

దెబ్బ తగిలాక వెంటనే పరుగెత్తకూడదు. తరిమితే గాయపడ్డ జంతువు దూరం పోతుంది, వదిలేస్తే త్వరగా పడుకుంటుంది. ఆకు మీద నురగ నెత్తురు కనిపిస్తే బాణం ఊపిరితిత్తులకు తగిలినట్టు. కొట్టిన ప్రాణాన్ని వెతక్కుండా ఇంటికి రావడమంత సిగ్గుచేటు మరొకటి లేదు. కొట్టినవాడికి అదనపు భాగం ఉన్నా, తోలినవాడికీ వాటా ఉండేది. కుర్రాడు తన వాటాను ఆకులో చుట్టుకుని తల్లికి తెచ్చిచ్చేవాడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆపై 1991 సవరణ ఈ వేటకు తలుపు మూసేశాయి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను మినహాయించింది. ఇది సరైనదే. పోడు, రోడ్లు, నాటు తుపాకులు పెరిగాక ఆ కొండల్లో జంతువు మిగలడమే కష్టమైంది. చైత్రం పేరుతో ఇంకా దొంగచాటుగా తుపాకీ పట్టేవాళ్లను నేను సమర్థించను.

కానీ అడుగు అంచు చదవడం ఏ చట్టమూ ఆపలేదు. జంతువుల ఫొటోలు తీసే కెమెరా ఎక్కడ కట్టాలో, ఏ గెడ్డలో నీరు చివరిదాకా నిలుస్తుందో చెప్పగల పెద్దలు ఆ ఊళ్లలో ఉన్నారు. వేటకు వెళ్లిన ఆఖరి తరం వాళ్లదే. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల ఆశ్రమ పాఠశాలలు వాళ్లకు కూలి కాదు, జీతమిచ్చి పిల్లలను ఇప్పచెట్ల కిందికి పంపాలి. పూలు రాలడం మొదలయ్యే నాటికి బడులింకా నడుస్తూనే ఉంటాయి.