అపరాధపరిశోధనకథలు - నగరవర్ణనము

1891లో వెలువడిన కోనన్ డాయిల్ కథ ‘రెడ్ హెడెడ్ లీగ్’ లోని సాక్సు కోబర్గు స్క్వేరు లండను పటమునఁ గానరాదు. కావున నందలి నగరవర్ణనము నిరర్థకమనుట కథామర్మము నెఱుఁగకుండుటయే. హోమ్సు కుదువవ్యాపారి యింటిముందఱ నేలను గఱ్ఱతోఁ దట్టి, మూలఁ దిరిగి, వెనుకవీథిలోని పొగాకు దుకాణము, పత్రికల యంగడి, బ్యాంకు, శాకాహార భోజనశాల, బండ్ల కర్మశాల యను వరుసను మనస్సున నిలుపుకొనును. ముందు వన్నె దఱిగిన యిండ్లు. వెనుక ధనము ప్రవహించు రాజవీథి. ఆ వ్యాపారి నేలమాళిగనుండి బ్యాంకునకు దొంగలు సొరంగము త్రవ్వుచున్నారు. మన ప్రబంధములందలి పురవర్ణనములలోఁ బెక్కింటిని దీసివైచినను కథ చెడదు. అవి రసపోషకములు, అంతియే. ఇచ్చట నంగడుల వరుస మాఱినచో నపరాధమే పొసఁగదు. ఇల్లు గదలని చదువరియు హోమ్సుతోపాటు మూలఁ దిరుగక తప్పదు.