పాట లేని పటం సగం పటమే

మద్రాసు నుంచి హౌరా వెళ్లే మెయిల్ మన విజయవాడ, విశాఖల మీదుగానే పోతుంది. ఖరగ్‌పూర్ దాటాక కాసేపటికి బాలిచక్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి పింగ్లా వైపు వెళ్తే నయా. బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో చెరువులూ వరిచేలూ ఉన్న మామూలు పల్లె. ఆ ఊళ్లో బొమ్మలు వేసే పటువాలందరి ఇంటిపేరూ ఒక్కటే, చిత్రకర్. నమాజు చేసే ఇళ్లు వాళ్లవి. పాడేది మాత్రం మనసాదేవి మహిమ, బేహులా కష్టాలు, సీతమ్మ కథ. విశ్వకర్మ సంతతివాళ్లమనీ, ఏదో శాపం తగిలి కులం పోయిందనీ కథ చెబుతారు. వెనకటి తరాల పటువాలు కొందరు కలకత్తా చేరి, కాళీఘాట్ గుడి దగ్గర యాత్రికులకు పటాలు వేసి అమ్మారు. జామినీ రాయ్ అంతటి చిత్రకారుడు ఆ గీత దగ్గరే పాఠం నేర్చుకున్నాడు. చరిత్రకు ఇంత చాలు. మన పని పటంతో.

కాగితాలను వరసగా కలిపి పొడుగు చుట్ట చేస్తారు. గళ్లు గళ్లుగా కథ గీసి, రంగులు నింపి, నల్లగీత చివర్లో పెడతారు. ఆ నల్లగీత పడ్డాకే బొమ్మకు కళ్లు వస్తాయి. వెనక పాత చీర అంటిస్తారు, వెయ్యిసార్లు విప్పి చుట్టినా చిరగకుండా. రంగులన్నీ పెరట్లోవే. నీలానికి శంఖుపుష్పాలు, పసుపుకి పసుపుకొమ్ము, ఆకుపచ్చకి చిక్కుడాకు, నలుపుకి మాడ్చిన బియ్యం. పసరు పిండి, మారేడుకాయ జిగురు కలిపి కొబ్బరిచిప్పల్లో ఎండబెడతారు. ఆ జిగురే రంగుని కాగితానికి పట్టి ఉంచుతుంది. శంఖుపుష్పం నీలం గోలగా ఉండదు, చల్లగా ఉంటుంది. డబ్బాలో కొన్న నీలాన్ని పక్కన పెట్టి చూడండి, కళ్లు గుచ్చుకుంటాయి.

ఇదంతా సగం. మిగతా సగం గొంతులో ఉంది. పటువా కూర్చుని చుట్టను ఒక్కో గడి విప్పుతూ, వేలితో బొమ్మ చూపిస్తూ పాడతాడు. దాన్ని పటేర్ గాన్ అంటారు. పాట ఎంత పొడుగో పటం అంత పొడుగు. చేపల పెళ్లి పటం చూడాలి. చెరువులోని చిన్నాపెద్దా చేపలన్నీ ముస్తాబై పెళ్లికి కదులుతాయి. పిలుపు అందని పెద్ద చేప నోరు తెరిచి అందరినీ మింగేస్తుంది. పిల్లలు పకపకా నవ్వుతారు. పెద్దవాళ్లు మాత్రం నవ్వాలా వద్దా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఊరి పెద్దల సంగతి ఎవరికి తెలియదు!

ఈ ఊరి చేతులు చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పత్రిక చాలదు. దుఖుశ్యామ్ చిత్రకర్ ఆడవాళ్లకు గీతా పాటా రెండూ నేర్పాడు. ఆ ఒక్క పనికే ఆయనకు చేతులెత్తి మొక్కాలి. ఒకప్పుడు పటం చంకన పెట్టుకుని ఊరూరా తిరిగింది మగవాళ్లే. ఇవాళ నయా పేరు దేశాలు దాటి మోస్తున్నవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు. మొయినా చిత్రకర్ బొమ్మలతో చెన్నై తారా బుక్స్ 2011లో వేసిన సీత కథ న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కింది. మనూ చిత్రకర్ మార్టిన్ లూథర్ కింగ్ జీవితాన్ని పటువా గీతలోకి దించాడు. మొయినా, జయదేవ్ కలిసి సునామీని పటం కట్టారు. 2020లో కరోనా వస్తే స్వర్ణా చిత్రకర్ వెంటనే పటం గీసి పాట కట్టింది. మేదినీపూర్ పటువాకి వార్త అందితే చాలు, అది పాటవుతుంది.

ఇంత విద్య ఉండీ ఒక దశలో పటం చుట్టేసి కూలికి పోయే స్థితి వచ్చింది. నిలబెట్టింది చిత్రతరు. పటువాలు తమకు తాము కట్టుకున్న సంఘం అది. బయటి సంస్థలు డబ్బూ దారీ చూపించాయి, కాదనను. కానీ మేళా నడిపేదీ, అతిథికి పాట వినిపించేదీ ఊరివాళ్లే. ఊళ్లోనే జానపద కళాకేంద్రం ఉంది. పటాలు అక్కడ వేలాడతాయి, పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. 2010లో పట్ మాయా అనే మేళా మొదలుపెట్టారు. ఏటా నవంబరులో జరిగే ఆ మూడు రోజులూ ప్రతి ఇల్లూ ప్రదర్శనశాలే. మట్టిగోడల మీద బొమ్మలు, వాకిట్లో పరిచిన పటాలు, వేసిన మనిషే ఎదురుగా కూర్చుని పాడటం. నగరంలో ఏ గ్యాలరీ ఇవ్వగలదు ఇది? 2018లో బెంగాల్ పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

గుర్తింపు వస్తే నకళ్లు ఆగుతాయా? నగరాల దుకాణాల్లో ఆ చేపల్నే యంత్రం మీద అచ్చుకొట్టి సంచుల మీదా చొక్కాల మీదా అమ్ముతున్నారు. గీసినవాళ్లకు పైసా రాదు. పటువాలు స్వయంగా గొడుగులకూ కెటిళ్లకూ రంగులేస్తే నేను తప్పుపట్టను, కడుపు నిండాలి కదా. ఇంకొకడి గీత దొంగిలించి 'ఫోక్ ఆర్ట్' అని చీటీ అంటించేవాడిని మాత్రం క్షమించలేను. వాడు అమ్మే బొమ్మకు పాట లేదు.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాదుకి నూరు కిలోమీటర్ల లోపే చేర్యాల ఉంది. ఎర్రని నేల మీద నకాషీలు గీసిన పటం విప్పి కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు కులపురాణం చెప్పేవారు. బొమ్మ గీసే ఇల్లు ఒకటి, కథ చెప్పే ఇల్లు మరొకటి. నయాలో రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కాబట్టి బతికాయి. మన దగ్గర కథకుడు తప్పుకుంటున్నాడు, పటం తాళంచెవి గుత్తికి వేలాడే బొమ్మయింది. చేర్యాల పటాన్ని ఫ్రేము కట్టించి డ్రాయింగ్ రూములో పెట్టుకుని మురిసే పెద్దలు, ఆ కథ చెప్పే మనిషిని ఒక్కసారైనా పిలిచారా?

చేర్యాలకు చిత్రతరు లాంటి సంఘం కావాలి. నకాషీలూ కథకులూ కలిసి నడిపేది, ఊళ్లోనే ఉండేది. సాంస్కృతిక శాఖ వారు పటాన్నీ పాటనూ ఒకే కప్పు కిందకు తెస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. పాఠకులూ ఈసారి పటం కొనాలనుకుంటే దుకాణానికి కాదు, ఊరికి వెళ్లండి. బేరం ఆడే ముందు కథ చెప్పమనండి.