రెగ్యులేషన్ అడిగే గడి

కాలేజీ పిల్లలు పాత సామాను అమ్ముకునే యాప్‌లో అసలు పనితనం ఫారంలోని గడుల దగ్గర తెలుస్తుంది. పుస్తకం పెట్టబోతే పేరు, ధరతో సరిపెట్టకుండా రెగ్యులేషన్ ఏదని అడిగితే, ఆ డిజైనర్‌కు దణ్ణం పెట్టాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్18 తర్వాత ఆర్22 వచ్చింది. రెగ్యులేషన్‌తో పాటు సిలబస్ మారితే చవగ్గా కొన్న పుస్తకంలో కొన్ని యూనిట్లు ఉత్తవే. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు వాడే డ్రాఫ్టర్‌కైతే ఫొటో ఒక్కటే చాలదు, స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో చెప్పించాలి. కాలిక్యులేటర్‌ను ఆన్ చేసి, తెరమీద అంకెలు కనబడేలా ఫొటో తీయమనాలి. ఫోన్ నంబరు బయటపడకుండా చాట్‌లోనే మాట్లాడించడం ఆడపిల్లలకు ఎంత ఊరటో! కలిసే చోటుగా క్యాంటీన్, లైబ్రరీ లాంటివే చూపించడమూ అందుకే. బేరమాడటం రాని మొహమాటస్తుడికి ‘ధర తగ్గదు’ అన్న టిక్కు పెద్ద అండ. (నాలాంటివాళ్లకు మరీనూ.) ఇక ‘అమ్ముడుపోయింది’ మీట నొక్కగానే ప్రకటన తొలగిపోవాలి, లేదంటే సెమిస్టర్ అయిపోయినా “ఉందా అన్నా?” అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. మీ డ్రాఫ్టర్ అటకెక్కి ఉంటే ఫస్టియర్ క్లాసులు మొదలయ్యేలోపే అమ్మకానికి పెట్టండి. దానికి గిరాకీ అప్పుడే.