దీర్ఘశాంతం, ఓర్పు: తెలుగు బైబిలులో దైవకరుణను చెప్పే మాటలు

ప్రవేశిక

తెలుగు బైబిలు అనువాద చరిత్రలో విశాఖపట్నానిది ప్రధాన స్థానం. లండన్ మిషనరీ సంస్థ పక్షాన 1805లో ఈ రేవుపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చి అనువాదానికి పూనుకొన్నారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ వారికి తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. తరువాతి తరంలో ఇదే మిషనుకు చెందిన జాన్ హే అనువాద, సవరణ కృషిని కొనసాగించాడు. ముద్రణ సంవత్సరాల వరుసగా చెప్పుకొనే ఈ చరిత్రలో, దైవగుణాలకు తెలుగులో కుదిరిన మాటలపై తగినంత విమర్శ జరగలేదు.

ఒకే పలుకుబడి, వేర్వేరు మాటలు

నేటికీ ప్రార్థనా మందిరాలలో చదివే గ్రాంథిక అనువాదం నిర్గమకాండం 34వ అధ్యాయంలో దేవునికి ‘దీర్ఘశాంతము’ను గుణంగా చెబుతుంది. హీబ్రూ మూలంలోని ‘ఎరెఖ్ అప్పయిమ్’కు మాటకు మాటగా ‘ముక్కు పొడవైనవాడు’ అని అర్థం. అక్కడ ముక్కు కోపానికి స్థానం. కనుక కోపం రావడానికి చాలాసేపు పట్టేవాడని తాత్పర్యం. ముక్కుమీద కోపం అనే జాతీయం గల తెలుగువారికి ఈ ఊహ కొత్తదేమీ కాదు. అనువాదం ఆ దేహచిత్రాన్ని విడిచి సంస్కృత సమాసాన్ని ఆశ్రయించింది. ‘క్షమ’ అందుబాటులోనే ఉన్నా అది ఓర్పునూ మన్నింపునూ కలిపి చెబుతుంది. ఆ రెండూ వేరుగా నిలవవలసిన చోట దీర్ఘశాంతమే సమంజసం.

చిక్కు మరొకచోట ఉంది. ఇదే పలుకుబడి యోనా గ్రంథం 4వ అధ్యాయానికి వచ్చేసరికి ‘బహు శాంతము’ అయింది. నీనెవెను దేవుడు శిక్షించకుండా విడిచినందుకు అలిగిన యోనా, మోషే విన్న దైవగుణ ప్రకటననే దేవునిపై ఫిర్యాదుగా తిప్పి చెబుతాడు. మాట మారడంతో ఆ ఎత్తిపొడుపు తెలుగు పాఠకునికి అందదు.

అప్పు, గడువు, విడుదల

ఇంతకన్న పెద్ద నష్టం మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో జరిగింది. దీర్ఘశాంతానికి గ్రీకు మాట ‘మక్రోథుమియా’. దాని క్రియారూపమే ఈ కథలో బాకీపడిన ఇద్దరు దాసుల నోటా వస్తుంది. తెలుగులో అది ‘ఓర్చుకొను’ అయింది. అప్పు తీర్చలేక కాళ్లమీద పడినవాడు సమాసాలతో వేడుకోడు కనుక ఇది పాత్రోచితమైన అనువాదం. అయితే దాసుడు రాజును అడుగుతున్నది దేవుని గుణంగా చెప్పిన దానినే అన్న సంగతి ఇక్కడ మరుగున పడింది.

దాసుడు రాజుకు ‘అచ్చియున్నది’, అంటే ఋణపడి ఉన్నది, 10,000 తలాంతులు. తలాంతు 6,000 దేనారాలు; దేనారం కూలివాని రోజుకూలి. మొత్తం 6 కోట్ల రోజుల కూలి. ఓర్చుకొంటే అంతా చెల్లిస్తానని అతడంటాడు గాని, ఏ గడువూ దానికి చాలదు. రాజు గడువు మాట ఎత్తకుండా అప్పునే రద్దు చేస్తాడు. ఓర్పు పనిచేయని చోట కనికరం మొదలవుతుంది. తోటిదాసుని బాకీ 100 దేనారాలే. అది తీరే అప్పు. అతనికి ఆ మహాకనికరం అక్కరలేదు, కొద్దిపాటి ఓర్పు చాలు. క్షమాపణ పొందినవాడు నిరాకరించింది ఆ కొద్దిపాటి ఓర్పునే. ఈ ఉపమానాన్ని కృతఘ్నత కథగా మాత్రమే చదివితే ఈ తేడా కనిపించదు.

అప్పును ‘క్షమించడం’ తెలుగు వాడుకకు ఎదురీదే ప్రయోగం. అప్పు తీరుతుంది, కొట్టివేయబడుతుంది, మాఫీ అవుతుంది, క్షమించేది తప్పును. దేవ, ఋషి, పితృ ఋణాలను తీర్చడమే ధర్మమని నేర్చిన సమాజంలో, మత్తయి చెప్పిన ప్రభు ప్రార్థన ఋణాలను క్షమించమని వేడుకొంటుంది. లూకా పాఠంలో ఆ స్థానంలో పాపాలు ఉన్నాయి. అర్థం సుగమమైనా, లెక్కల పుస్తకం వాసన పోయింది.

కథ క్షమతో ముగియదు. తోటిదాసుని చెరలో వేయించిన సంగతి తెలిసి రాజు కోపగించి, రద్దయిన బాకీని తిరిగి వసూలుకు పెడతాడు. సహోదరుణ్ణి ఎన్ని మారులు క్షమించాలని పేతురు అడిగిన ప్రశ్నకు జవాబుగా చెప్పిన కథ ఇది. ఇందులో రాజు క్షమించింది ఒక్కమారే.